గుట్టకు కూడా నక్షా బాట కావాలి

వానలు పడగానే మన హైదరాబాద్ షహర్‌కు గుట్టలు యాదికొస్తాయి. జూలైలో ఆదివారం పొద్దున ఖాజాగూడ గుట్ట కింద బైకు పెట్టడానికి జాగా దొరకదు. చలికాలం పోయేసరికి జనం పలచబడతారు. ఏప్రిల్ వచ్చిందంటే గుట్ట ఖాళీ. మళ్లీ వానల దాకా దాని హాల్ పూఛ్‌నే వాలా ఉండడు.

దోస్తులారా, నా గుజారిష్ ఒకటే. గుట్టల మీద బారా మహీనే నడవండి. సేహత్ కోసం, సుకూన్ కోసం నడవండి, మంచిదే. దానికంటే ముఖ్యంగా గవాహీ కోసం నడవండి. మనిషి నడవని బాటకు ఈ షహర్‌లో సాక్షి ఉండడు. సాక్షి లేని జమీన్ ఎన్ని రోజులు నిలుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఖాజాగూడ గుట్టకు ఇంకో పేరు ఫక్రుద్దీన్ గుట్ట. బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా అక్కడే ఉంది. ఆ బండల మధ్యే గుడి కూడా ఉంది. జియారత్‌కు వచ్చేవాళ్లు, గుడికి వచ్చేవాళ్లు, మేకలు తోలుకొచ్చేవాళ్లు, బండలెక్కడం నేర్చుకునే నౌజవాన్లు, పొద్దున నడకకు వచ్చే ముసలివాళ్లు, వీళ్లందరి కాళ్లే అక్కడ బాటలు వేశాయి. ఏ మహెకమా టెండరు పిలిచి వేసినవి కావు. ఒక బాట ఇంకో బాటలో కలుస్తుంది, బండ దగ్గర మాయమై అవతల మళ్లీ తేలుతుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ అది. దాని మీద అడుగు జాడ పడదు. పక్కన గడ్డిలో పడుతుంది, కొన్నాళ్లు ఎవరూ నడవకపోతే అదీ మూసుకుపోతుంది.

పన్నెండు నెలలూ నడవడం కష్టం కాదు, మౌసమ్‌ను బట్టి వక్త్ మార్చుకోవాలి, అంతే. ఎండాకాలం బండ పగలు తాగిన వేడిని రాత్రి చాలాసేపు వదలదు. అందుకే సాయంత్రం కాకుండా ఫజర్ నమాజ్ కాగానే ఎక్కి, ఎనిమిదిలోపు దిగిపోవాలి. వానాకాలంలో ఏటవాలు బండ మీద నాచు పడుతుంది. వాన వెలిసిన వెంటనే దాని మీద కాలు పెట్టొద్దు. సీతాఫలాల కాలం, మోదుగ పూల కాలం ఎలాగూ గుట్ట తనే పిలుస్తుంది. చలికాలం చివర గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు అంటుకోవడానికి. ఏడాది పొడుగునా వెళ్లేవాడికే ఏ నెలలో ఏ బండ పక్కన కొత్తగా కంకర కుప్ప పడిందో, ఎక్కడ కొత్తగా కడీలు పాతారో కనిపిస్తుంది. జూలైలో మాత్రమే వెళ్లేవాడికి అది మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు ఉంటుంది.

నేను చదివింది ఉర్దూ మీడియంలో. జుగ్రాఫియా క్లాసులో నక్షా అంటే గోడకు వేలాడే దునియా పటం. సహాఫీ అయ్యాక తహసీల్ ఆఫీసుల్లో ఇంకో నక్షా చూశాను. మౌజా, పహాణీ, సేత్వార్, నక్షా, మన రెవెన్యూ దఫ్తర్‌లో సగం లఫ్జులు ఉర్దూ, ఫార్సీవే. వాటిలో ఒకటి నక్షా బాట. ఊరి పటంలో గీసి ఉన్న దారి. దాన్ని ఎవరైనా దున్నేస్తే రైతు పటం పట్టుకుని నిలదీస్తాడు, తహసీల్దార్ జవాబు చెప్పాలి. ఇంకో లఫ్జ్ ఖారిజ్ ఖాతా. లెక్కలోంచి తీసేసిన సర్కారీ జమీన్. పంట పండదు, శిస్తు రాదు కాబట్టి లెక్కకు రాలేదు. మన గుట్టల కథంతా ఈ రెండు లఫ్జుల మధ్యే ఉంది. పొలానికి వెళ్లే దారి నక్షాలో ఉంటుంది, గుట్ట మీది బాట ఉండదు. పైగా లెక్కలో లేని జమీన్ మీదే అందరి లెక్కలూ మొదలవుతాయి. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ పేర్లలో హిల్స్ అలాగే ఉన్నాయి, బండలు చాలావరకు పునాదుల్లోకి పోయాయి.

ఇంగ్లండ్‌లో ఈ కొట్లాట ఎప్పుడో జరిగింది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ కార్ఖానాల్లో పనిచేసే వందలాది మంది కిండర్ స్కౌట్ అనే కొండ ఎక్కారు. అది దొరలు పక్షుల షికార్ కోసం మూసి ఉంచుకున్న కొండ. ముందు నడిచినవాళ్లలో బెన్నీ రోత్‌మన్ వయసు అప్పటికి 20 ఏళ్లు. అయిదుగురికి జైలు పడింది. 1949లో కానూన్ వచ్చింది, కాలిబాటలను పటంలో గీయడం స్థానిక కౌన్సిళ్ల ఫర్జ్ అయింది. 1951లో ఆ కొండలున్న పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌కు మొదటి నేషనల్ పార్క్ అయింది. 20 ఏళ్లు ఎవరి ఇజాజత్ అడగకుండా, ఎవరి అడ్డూ లేకుండా జనం నడిస్తే అది జనం బాటే అని అక్కడి చట్టం మానుతుంది. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి పటానికెక్కిన ఇలాంటి దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు.

మన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనూ 20 ఏళ్ల నడకకు విలువ ఉంది, సర్కారీ జమీన్ అయితే 30 ఏళ్లు. కానీ అది ఎక్కువగా పొలానికో ఇంటికో దారి కోసం తగాదా పడేవాళ్లకు అక్కరకొచ్చేది. తఫ్రీహ్ కోసం గుట్టెక్కే ఆమ్ ఆద్మీకి అందులో జాగా దాదాపు లేదు. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు 1996 నుంచి బండల కోసం మొత్తుకుంటున్నారు. హుడా 13వ నిబంధన కింద కొన్ని రాతి గుట్టలకు కొంత హిఫాజత్ ఉండేది, 2015లో ఆ నిబంధననే తీసేశారు.

నడిచేవాళ్లు ఎక్కువైతే గుట్ట పాడవుతుంది అనేవాళ్లున్నారు. సీసా పెంకులు, చిప్స్ కవర్లు నేనూ చూశాను. కానీ అవి ఏరేది కూడా రోజూ వచ్చేవాళ్లే. చీకటి పడితే బేఫికర్‌గా తిరగలేం అంటారు, ముఖ్యంగా ఔరతులు. నిజమే. పది మంది నడిచే బాట కంటే ఖాళీ బాటే ఎక్కువ ఖతర్నాక్ అన్నది కూడా నిజమే. మౌలాలి మెట్లు, పహాడీ షరీఫ్ మెట్లు బుర్ఖా వేసుకున్న అమ్మీజాన్‌లు, ఖాలాలు ఎక్కుతూనే ఉన్నారు. ఎందుకంటే అక్కడ ఎప్పుడూ మనుషులుంటారు.

నాకు అసలు భయం తరక్కీ పేరుతో వచ్చేది. గేటు, టికెట్, సెల్ఫీ పాయింట్, ఫుడ్ కోర్టు. నెలకు వేల రూపాయలు పెట్టి జిమ్‌కు పోలేని వాచ్‌మన్‌కు, ఆటో భాయికి, పనిమనిషి ఆపాకు ముఫ్త్‌గా దొరికే తఫ్రీహ్ ఇదొక్కటే. దానికి కూడా గల్లాపెట్టె పెడితే ఇక గుట్టకూ మాల్‌కూ ఫరక్ ఏముంది?

2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలు వచ్చినప్పుడు ముందు అడ్డం నిలబడింది ఎవరు? యూనివర్సిటీ తాలిబ్-ఇల్మ్‌లు. ఆ బండలు, చెరువులు, నెమళ్లు వాళ్లకు రోజూ నడిచి తెలుసు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. పటంలో లేనిదాన్ని కాళ్లు యాది పెట్టుకున్నాయి.

కాళ్ల యాది మీదే ఎంతకాలం నెట్టుకొస్తాం? సర్కార్‌ను అడగాల్సింది పెద్దదేమీ కాదు. షహర్ చుట్టూ మిగిలిన గుట్టల మీద జనం నడుస్తున్న బాటలను సర్వే చేసి, మౌజా నక్షాలో ఎక్కించాలి. దర్గా బాట, గుడి బాట, మేకల బాట, అన్నీ. టికెట్ వద్దు, సిమెంటు వద్దు, గీత ఒక్కటి చాలు. మన వంతు పని మనం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మీ దగ్గరి గుట్ట ఏదో చూసుకోండి. నెలకోసారి ఎక్కండి. ఫోన్‌లో బాటను రికార్డు చేయండి, తారీఖుతో ఫోటోలు దాచండి. రేపు ఎవరైనా ఇక్కడ దారి ఎప్పుడుందని అడిగితే ముందు పెట్టడానికి పన్నెండు నెలల సబూత్ మన చేతిలో ఉండాలి.