టెరాహెర్ట్జ్ ఎలిప్సోమెట్రీ: ధాన్యం తేమ కొలతకు ఏ మేరకు?

ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతుకు, తూకానికి నడుమ నిలిచే అంకె ఒకటి ఉన్నది: 17 శాతం తేమ. మాయిశ్చర్ మీటరు ఆ హద్దుకు ఒక్క శాతం ఎక్కువ చూపినా ధాన్యాన్ని మరల పరదాలపై ఆరబోయవలసి వస్తుంది. మబ్బు పట్టిన రోజులలో ఆ ఒక్క శాతానికి కుప్పంతా తడిసిపోయే ప్రమాదం ఉంటుంది. అయితే ఆ మీటరు తేమను నేరుగా కొలవదు. గింజల నుండి విద్యుత్ క్షేత్రాన్ని పంపి, వాటి రోధక స్థిరాంకాన్ని బట్టి తేమను అంచనా వేస్తుంది. నీటి రోధక స్థిరాంకం సాధారణ ఉష్ణోగ్రత వద్ద సుమారు 80. ఎండిన గింజకు అందులో పదో వంతు కూడా ఉండదు. ఈ వ్యత్యాసమే మీటరుకు ఆధారం. గింజల ఉష్ణోగ్రత మారినా, గిన్నెలో అవి సర్దుకున్న తీరు మారినా, రకం మారినా అంచనా కూడా మారుతుంది. పొట్టి సన్న గింజ ఆర్.ఎన్.ఆర్. 15048, పొడవు సన్న గింజ ఎం.టి.యు. 1010 ఒకే తీరున సర్దుకోవు.

ఇటువంటి చోట కొత్త కొలత పద్ధతిపై ఆశ కలగడం సహజం. టెరాహెర్ట్జ్ తరంగాల పౌనఃపున్యం 0.1 నుండి 10 టెరాహెర్ట్జ్ వరకు, తరంగదైర్ఘ్యం 3 మిల్లీమీటర్ల నుండి 0.03 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. నీటి ఉనికిని ఇవి ఇట్టే పసిగడతాయి. 1995లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో హు, నస్ అనే శాస్త్రవేత్తలు కోసిన ఆకును ఈ తరంగాలతో చిత్రించి, రెండు రోజుల తర్వాత అదే ఆకులో నీరు ఎంత తగ్గిందో కంటికి కనిపించేలా చూపారు. వ్యవసాయ శాస్త్రజ్ఞుల దృష్టి ఈ రంగంపై పడడానికి ఆ చిత్రాలు చాలు.

కాని నీటిని ఇంతగా గుర్తించే గుణమే చిక్కు కూడా. 1 టెరాహెర్ట్జ్ వద్ద స్వచ్ఛమైన నీటిలో సుమారు 50 మైక్రోమీటర్ల లోతుకే తరంగ తీవ్రత మూడో వంతుకు పడిపోతుంది. పలుచని ఆకు గుండా దూసుకుపోగల కిరణం తడి మట్టి గుండా, కాయ గుండా పోలేదు. అందువలన పరావర్తనాన్ని ఆశ్రయించక తప్పదు. సాధారణ పరావర్తన పద్ధతిలో నమూనాను తీసి, సరిగ్గా అదే స్థానంలో అద్దాన్ని ఉంచి పోల్చాలి. అద్దం 10 మైక్రోమీటర్లు వెనుకకు జరిగితే, నిట్టనిలువుగా పడే కిరణానికి మార్గభేదం 20 మైక్రోమీటర్లు అవుతుంది. తరంగదైర్ఘ్యం 300 మైక్రోమీటర్లైన చోట అది 24 డిగ్రీల దశాదోషం. అంత దోషంతో లెక్కించిన వక్రీభవన గుణకాన్ని నమ్మడానికి వీలులేదు.

ఎలిప్సోమెట్రీ ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. ఏటవాలుగా పడిన కిరణంలో పతన తలానికి సమాంతరంగా కంపించే భాగం ఒక విధంగా, లంబంగా కంపించే భాగం మరొక విధంగా పరావర్తనం చెందుతాయి. సరళరేఖలో కంపించిన తరంగం పరావర్తనం తర్వాత దీర్ఘవృత్తాన్ని గీస్తుంది. ఆ రెండు భాగాల నిష్పత్తిని, వాటి మధ్య దశాభేదాన్ని కొలిస్తే అద్దంతో పని ఉండదు. నమూనాయే తనకు తాను ప్రమాణం. దృగ్గోచర కాంతితో ఈ సూత్రానికి జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పాల్ డ్రూడ్ 19వ శతాబ్ది చివరిలోనే పునాది వేశారు. జపాన్‌కు చెందిన నగాషిమా, హాంగ్యో 2001లో దానిని టెరాహెర్ట్జ్ ప్రాంతానికి తెచ్చి, అధికంగా డోపింగ్ చేసిన సిలికాన్ ఫలకం ధర్మాలను కొలిచారు.

సిలికాన్ ఫలకం అద్దంలా నున్నగా, చదునుగా ఉంటుంది. వడ్లగింజ అలా ఉండదు. వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు, వంపు తిరిగిన ఒళ్ళు, గరుకు పొట్టు. కిరణపుంజం గింజ కంటే వెడల్పుగా ఉండి, చెదరిన తరంగాలు కూడా గ్రాహకాన్ని చేరితే నిష్పత్తికి అర్థం చెడుతుంది. అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటి ఉన్నది. ఎండలో ఆరబోసిన ధాన్యంలో పొట్టు ముందుగా ఆరుతుంది, లోపలి బియ్యపు గింజ ఆలస్యంగా ఆరుతుంది. పరావర్తన సంకేతంలో అధిక భాగం ఉపరితలం నుండి వస్తుంది గనుక ఈ పరికరం పైపొర పొడిదనాన్నే చెప్పగలదు. కొనుగోలు కేంద్రంలో తెలియవలసినది మాత్రం గింజ మొత్తంలోని తేమ. ఈ ఒక్క పనికి రోధక స్థిరాంకంపై ఆధారపడే పాత మీటరే మేలు.

కోస్తా జిల్లాల గాలి సంగతి కూడా మరువరాదు. నీటి ఆవిరి 0.557, 0.752 టెరాహెర్ట్జ్ వంటి చోట్ల తరంగాలను బలంగా శోషిస్తుంది. పొడి గాలినో నత్రజనినో నింపిన పెట్టెలో కొలత జరగనిదే ఆ చోట్ల ఫలితం నిలవదు. ఇటువంటి పరికరాన్ని కల్లానికి తీసుకుపోవచ్చునని రైతు సదస్సులలో చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తలకు తగని పని.

ఇంతమాత్రాన ఈ పద్ధతి వ్యవసాయానికి కొరగానిదని కాదు. పిండిని అచ్చులో నొక్కి చేసిన చదునైన బిళ్లలు, విత్తన పూతకు వాడే పాలిమర్‌ను ఫలకంపై పరచిన పొర, మల్చింగ్ షీట్లు, నిల్వ సంచుల బహుళ పొరల ఫిల్ములు దీనికి అనువైన నమూనాలు. తేమ శాతం తెలిసిన పిండి బిళ్లలపై చేసే కొలతల నుండి పిండిపదార్థానికి అంటిపెట్టుకున్న నీరు, స్వేచ్ఛగా ఉన్న నీరు వేరువేరుగా ఎలా స్పందిస్తాయో పరిశీలించవచ్చు. స్నాతకోత్తర విద్యార్థికి అదొక మంచి పరిశోధనాంశం. అయితే ఒక హెచ్చరిక: పరికరం ఇచ్చేది రెండు కోణాలు మాత్రమే. వక్రీభవన గుణకం, శోషణ, పొర మందం అనేవి పరిశోధకుడు ఎంచుకున్న నమూనా సమీకరణం నుండి వస్తాయి. మందాన్ని తప్పుగా ఊహిస్తే గుణకం కూడా తప్పుతుంది, అయినా రేఖాచిత్రం అందంగానే కుదురుతుంది. పతన కోణం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, ఎంచుకున్న నమూనా, మందాన్ని విడిగా కొలిచిన తీరు పేర్కొనని వ్యాసాలను పత్రికలు తిప్పి పంపడం న్యాయం.

నిధుల విషయానికి వస్తే ఖరీదైన ఈ పరికరం ప్రతి కళాశాలకు అవసరం లేదు. భౌతికశాస్త్ర విభాగాలున్న సంస్థలతో కలిసి పనిచేయవచ్చు. అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉన్నది. బి.పి.టి. 5204, ఎం.టి.యు. 1010, ఆర్.ఎన్.ఆర్. 15048 వంటి విస్తారంగా సాగయ్యే రకాలకు మీటరు చూపే అంకెను హాట్ ఎయిర్ ఓవెన్ ఫలితంతో సరిపోల్చి, గింజ ఉష్ణోగ్రతను బట్టి రకం వారీగా సవరణ పట్టికలు తయారుచేయాలి. ఒక ఓవెన్, ఒక త్రాసు, రెండు సీజన్ల ఓపిక ఉంటే ఏ కృషి విజ్ఞాన కేంద్రమైనా దీనిని చేపట్టవచ్చు. ఆ పట్టికలు వానాకాలం ధాన్యం రాకముందే కొనుగోలు కేంద్రాల గోడలకు ఎక్కాలి.