తాళంకప్ప, తాళంచెవి, పెన్‌డ్రైవు

సెలవుల్లో మనలో చాలామంది ఫిజీ వెళ్తారు. సంచిలో బట్టలు, మందులు, అత్తయ్యలకు చాక్లెట్లు, వాటి మధ్య ఒక పెన్‌డ్రైవు. ఆ పెన్‌డ్రైవులో ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. పెళ్ళి ఫోటోలు, తాతగారి ఎమిగ్రేషన్ పాసు కాపీ ఉంటాయి. పక్కనే మీ పౌరసత్వ పత్రం, పాస్‌పోర్టు, ట్యాక్స్ కాగితాలు, అమ్మగారి మెడికేర్ కార్డు కూడా ఉంటాయి. అన్నీ బొటనవేలంత వస్తువులో! అది టాక్సీలో జారిపోతే, దొరికినవాళ్ళు ఏ కంప్యూటరులో పెట్టినా అన్నీ చదవగలరు.

లినక్స్ కంప్యూటరు ఉన్నవాళ్ళు దీనికి తాళం వేయడం సులభం. ఈ నెల దాని గురించే చెబుతాను.

ముందు మాటలు నేర్చుకుందాం. తలుపుకు వేసేది తాళం, లేదా తాళంకప్ప. దాన్ని తీసేది తాళంచెవి. తాళంలోకి కప్ప, చెవి ఎందుకు వచ్చాయని తరగతిలో పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు, నవ్వుతారు, ఆ మాటలు మాత్రం మరచిపోరు. ఎన్‌క్రిప్షన్‌కు పుస్తకాల్లో గూఢలిపీకరణ అని ఉంటుంది. ఇంట్లో ఎవరూ అలా అనరు. మీరు ‘ఎన్‌క్రిప్ట్ చేశాను’ అనండి, ‘తాళం వేశాను’ అన్నా చాలు.

చాలామంది ఒక పొరపాటు పడతారు. కంప్యూటరు తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది కాబట్టి లోపలి ఫైళ్ళకు తాళం ఉందనుకుంటారు. అది వీధి గుమ్మం దగ్గర కాపలా మాత్రమే. ఫైళ్ళను పెన్‌డ్రైవులోకి కాపీ చేస్తే ఆ కాపలా వాటితో రాదు. ఎన్‌క్రిప్ట్ చేస్తే ఫైలులోని ప్రతి అక్షరమూ మారిపోతుంది, తాళంచెవి లేనివాళ్ళకు అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి.

లినక్స్‌లో దీనికి వాడే పద్ధతి పేరు లక్స్. ఉబుంటు, ఫెడోరా వంటి వాటిలో డిస్క్స్ అనే ప్రోగ్రాము ఉంటుంది. కొత్త పెన్‌డ్రైవు పెట్టి, డిస్క్స్ తెరిచి, ఎడమ పక్క జాబితాలో దాన్ని ఎంచుకోండి. పేరూ సైజూ రెండుసార్లు చూడండి, ఎందుకంటే ఇప్పుడు చేసే పని అందులో ఉన్నదంతా చెరిపేస్తుంది. తరువాత ఫార్మాట్ పార్టిషన్ నొక్కి, రకం ఎక్స్‌ట్ 4 ఎంచుకుని, పాస్‌వర్డ్‌తో కాపాడు అన్న గడిలో టిక్కు పెట్టండి. పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టండి. అంతే. ఇకమీదట పెన్‌డ్రైవు పెట్టినప్పుడల్లా కంప్యూటరు పాస్‌వర్డ్ అడుగుతుంది.

కొత్తది అని ఊరికే అనలేదు. పాత పెన్‌డ్రైవులో ఫైళ్ళు డిలీట్ చేసినా వాటి జాడలు మిగిలే ఉంటాయి, వెతికి బయటికి తీసే ప్రోగ్రాములు ఉన్నాయి. ముందు తాళం, తరువాత కాగితాలు.

ఒక చిక్కు ఉంది. లౌతోకాలో మామయ్యగారింట్లో ఉన్నది విండోస్ అయితే, లక్స్ పెన్‌డ్రైవు అక్కడ మామూలుగా తెరుచుకోదు. ఆ పనికి వెరాక్రిప్ట్ మంచిది. ఉచితం. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. పెన్‌డ్రైవు మొత్తానికి కాకుండా, అందులో తాళం వేసిన ఒక పెద్ద ఫైలును తయారుచేస్తుంది. మన అమ్మమ్మల ట్రంకుపెట్టె లాంటిదే అనుకోండి. పెన్‌డ్రైవు ఫ్యాట్ 32 రకం అయితే ఆ పెట్టె 4 జీబీ దాటకూడదు, ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆ బాధ లేదు. మామయ్యగారి కంప్యూటరులో కూడా వెరాక్రిప్ట్ ఉండాలి. బయలుదేరే ముందే ఫోను చేసి పెట్టించండి.

ఇక పాస్‌వర్డ్. తాతగారి ఊరి పేరు పెట్టకండి. అది పాసులోనే ఉంది, మీ వంశవృక్షంలో ఉంది, ఫేస్‌బుక్‌లో కూడా ఉంది. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన డైస్‌వేర్ అని ఒక పద్ధతి చెప్పారు. పాచికను ఐదుసార్లు వేస్తే ఒక సంఖ్య వస్తుంది. 7776 మాటల జాబితాలో ఆ సంఖ్య దగ్గరున్న మాట రాసుకుంటాం. అలా ఆరు మాటలు తీసుకుంటే మనకు గుర్తుంటుంది, ఇతరులు ఊహించలేరు.

తెలుగు మాటలు పెట్టాలని మీకు అనిపించవచ్చు. నాకూ ఇష్టమే. కానీ అక్కడి కంప్యూటరులో తెలుగు కీబోర్డు ఉండకపోవచ్చు, కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అక్కడే జాగ్రత్త పడాలి. అప్పలస్వామి అన్న పేరును మద్రాసు డిపోలో గుమాస్తాలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాసేవారు. మనమూ ‘పాలు’ను ఒకరోజు ఒక ‘ఏ’తో, మరొకరోజు రెండు ‘ఏ’లతో రాస్తాం. గుమాస్తా రాసిన పేరుతో మనిషి ఓడ ఎక్కగలిగాడు. కంప్యూటరు ఒక్క అక్షరం తేడా వచ్చినా తలుపు తీయదు.

అన్నిటికీ తాళం వేయాలా? వద్దని నా అభిప్రాయం. మద్రాసు నుంచి ఫిజీకి 1903లో మొదటి ఓడ వచ్చింది. అప్పటినుంచి వచ్చినవాళ్ళ పాసుల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చ కూడా రాసి ఉంటాయి. ఆ కాగితం మీ ఒక్కరి ఇంటిది కాదు. ముత్తాతగారికి ఎంతమంది మునిమనవలో అందరిదీ. దాన్ని తాళం లేకుండా ఉంచండి, నలుగురికీ పంచండి. (కులం గడి చూపించడం ఇష్టం లేనివాళ్ళు ఆ గడి మూసి పంచుతారు. అదీ సబబే.) బతికున్నవాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబర్లకు, డాక్టరు కాగితాలకు మాత్రం తాళం తప్పదు.

తాళంచెవి పోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. బ్యాంకులోలాగా ‘పాస్‌వర్డ్ మరచిపోయాను’ అని నొక్కే బొత్తాం ఇక్కడ లేదు. ఎవరూ తెరవలేరు. ఇంటిపెద్ద పోయాక ఆ ఫోటోలూ ఆయనతోనే పోతాయి. లక్స్‌లో దీనికి ఒక మంచి ఏర్పాటు ఉంది. ఒకే తాళానికి వేరువేరు పాస్‌వర్డులు పెట్టవచ్చు. పాత రకంలో 8, కొత్త రకంలో 32 వరకు. మీది మీకు, మీ అమ్మాయిది అమ్మాయికి. దీన్ని డిస్క్స్‌లో చేయలేం, క్రిప్ట్‌సెటప్ అనే కమాండు కావాలి. కాలేజీలో చదివే మనవడిని అడిగితే పది నిమిషాల్లో చేసిపెడతాడు. మీ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, మూసిన కవరులో పెట్టి, పుట్టింటి బంగారం దాచేచోట పెట్టండి. పెన్‌డ్రైవుతో పాటు అదే సంచిలో మాత్రం వద్దు.

అలాంటి పెన్‌డ్రైవు ఇంకొకటి కూడా చేసి వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలికి ఇవ్వండి. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ ఊరు కాలిపోయినప్పుడు, ఇళ్ళు వదిలి పరుగెత్తినవాళ్ళకు బీరువాలు సర్దుకునే సమయం లేకపోయింది. చెల్లెలు ఆ పెన్‌డ్రైవును ఏడాదికి ఒకసారి తెరిచి చూడాలి. ఉగాదినాడు ఫోనులో మాట్లాడుతూ ఇద్దరూ కలిసి తెరవండి.