వేసవికి తేలికైన పరిమళం

ఎండలు ముదిరినకొద్దీ మనకు ఘాటైన వాసనలపై విముఖత కలుగుతుంది. శీతకాలంలో హాయి గొలిపిన కస్తూరి, చందనపు అత్తరులు వైశాఖమాసపు ఉక్కలో బరువనిపిస్తాయి. కిక్కిరిసిన బస్సులో ఒకరు దట్టంగా పూసుకొన్న సెంటు పదిమందికి తలనొప్పి తెచ్చిపెడుతుంది. కావున ఈ మాసం నిమ్మ, తేయాకు వాసనలు గల తేలికపాటి పరిమళాలను గూర్చి ముచ్చటించదలచాము.

ఇందుకు ముందుగా గుజరాత్‌లోని బార్డోలీకి వెళ్దాము. 1928 నాటి రైతు సత్యాగ్రహంతో దేశమంతటా పేరెన్నికగన్న పట్టణమది. ఆ ప్రాంతపు గృహిణులు టీ మరిగేటప్పుడు అల్లంతోపాటు పుదీనా, నిమ్మగడ్డి రెబ్బలు కూడా వేస్తారు. ఆ గడ్డిని వారు 'లీలీ చా' అంటారు. అనగా పచ్చని టీ అని అర్థం. పేరుకు టీయే గాని, తేయాకు మొక్కకూ దీనికీ చుట్టరికం లేదు. దీని అసలు చుట్టం బార్డోలీ పొలాలలో విరివిగా పండే చెరకు. రెండూ గడ్డి కుటుంబానికి చెందినవే. టీ అనగానే అల్లం, యాలకులు తలచుకొనే మన తెలుగు కుటుంబాలు సూరత్ వైపు బదిలీపై వెళ్లినప్పుడు మొదట ఆశ్చర్యపడేది, పిదప అలవాటు పడేది ఈ వాసనకే.

నిమ్మకాయ లేకుండానే నిమ్మవాసన ఎట్లు వచ్చినది? దానికి కారణం సిట్రాల్ అనే పదార్థం. నిమ్మగడ్డి నూనెలో నూటికి 70–80 పాళ్లు ఇదే ఉంటుంది. నిమ్మతొక్కలో ఉండేది స్వల్పమే. సిట్రాల్ నుండి కర్మాగారాలలో అయొనోన్ అనే మరొక సుగంధద్రవ్యాన్ని తయారుచేస్తారు. తేయాకుకు సహజంగా ఉండే సువాసనలలోనూ అయొనోన్ ఒకటి కావడం విశేషం. 1992లో ఫ్రెంచి పరిమళకర్త జాన్ క్లోద్ ఎలెనా ఇటలీకి చెందిన బుల్గారీ సంస్థకై పచ్చ తేయాకు పరిమళాన్ని రూపొందించినప్పుడు తేయాకును పిండలేదు; అయొనోన్ వంటి ద్రవ్యాలను మేళవించి ఆ భావన కలిగించారు. తేయాకు పేరుతో అమ్మే ఖరీదైన సీసాలో తేయాకు ఉండి తీరాలన్న నియమం లేదని మన గృహిణులు గ్రహించాలి.

నిమ్మజాతి పరిమళాలు త్వరగా ఎగిరిపోతాయని పలువురి ఫిర్యాదు. వాటిలోని అణువులు చిన్నవి, తేలికైనవి. కనుకనే వెంటనే ముక్కును చేరి వెంటనే మాయమవుతాయి. 1709లో ఫారినా కుటుంబం జర్మనీలోని కొలోన్ నగరంలో నెలకొల్పిన వ్యాపారంతో ప్రసిద్ధమైన 'యూడీకొలోన్' స్వభావమూ ఇదే. జ్వరం వచ్చినవారి నుదుట దానిని అద్దడం మన ఇండ్లలోనూ ఉండేది. ఆ చల్లదనం నిమ్మది కాదు, ఆవిరైపోయే ఆల్కహాలుది. నిలిచి ఉండాలని మరింత దట్టంగా పూసుకొంటే తేలికదనమే పోతుంది.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. నిమ్మరసం గాని, నిమ్మ, బెర్గమాట్ తొక్కల నుండి పిండిన నూనె గాని చర్మంపై ఉండగా ఎండ తగిలితే కొందరికి ఎర్రని మంట, బొబ్బలు వస్తాయి. ఆపై నల్లమచ్చలు వారాల తరబడి నిలుస్తాయి. పిల్లలు నిమ్మకాయలు పిండి ఎండలో ఆడబోతే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. నిమ్మగడ్డి నూనెను నేరుగా ఒంటికి రాయవద్దు. ఎండలోకి వెళ్లేవారు సెంటును చర్మంపై కాక చేతిరుమాలుపై చల్లుకోవడం మేలు. సీసాను వేడికి, వెలుతురుకు దూరంగా ఉంచండి. పాతబడి వాసన మారినదానిని వాడకండి. పొయ్యి, దీపం దగ్గర సెంటు చల్లరాదు. అది మండే ద్రవం. టీ డబ్బా పక్కన సెంటు, సబ్బు పెట్టకండి. తేయాకు చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకొంటుంది.

క్వార్టర్స్‌లో నివసించే మనకు పెరడు లేకున్నా కుండీ చాలు. ఇరుగుపొరుగున ఎవరింటనైనా నిమ్మగడ్డి కుదురు ఉంటే వేళ్లతో కూడిన ఒక పిలక అడిగి తెచ్చుకోండి. ఎండ తగిలేచోట నాటి నీరు పోస్తే వానలకు గుబురుగా పెరుగుతుంది. రెండు ఆకులు టీలో వేయండి. ఎండిన ఆకులను పలుచని నూలుగుడ్డలో మూటగట్టి బట్టల బీరువాలో ఉంచండి. వేసవికి కావలసిన నిమ్మ, టీల పరిమళం పైకం లేకుండానే ఇంట నెలకొంటుంది. కుదురు పెరిగిన పిదప ఒక పిలకను మరొకరికి ఇవ్వడం మాత్రం మరువకండి.