ధూళిమార్గములలో ఇంజను శ్వాస

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు మార్గమున గంగాధర చేరువలో గ్రానైటు కొండలను తొలుచు క్వారీలును, రాతిని కోసి నునుపుచేయు కార్ఖానాలును రేపు ధూళి యొకవైపు. గోదావరిఖని పరిసరములలో బొగ్గు లారీలు విదిల్చు నల్లని పొడి యొకవైపు. బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు కర్మాగారముల రజము మరియొకవైపు. ఆదిలాబాదు ఏజెన్సీ గ్రామములకు పోవు మట్టిబాటలపై వేసవిలో పాదము మునుగునంతగా పేరుకొను మెత్తని దుబ్బ వేరొకవైపు. ఉత్తర తెలంగాణమున కారు కొన్నవాని ఇంజను పీల్చు గాలి యిట్టిది. ఈ సంగతిని మనసున నుంచుకొననిదే, నేడు మన పట్టణములలో కారు యజమానులను, విశేషించి యువకులను, వేధించుచున్న యొక ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదు. పాత ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోయినప్పుడు, కంపెనీ యమర్చిన నల్లని పెట్టెలో తిరిగి అట్టి కాగితపు ఫిల్టరునే వేయింపవలెనా, లేక ఆ పెట్టెను సాంతము తొలగించి, కార్ల సామగ్రి దుకాణములవారు చూపు మెరుగుగొట్టమును, దాని కొనకు శంఖాకృతిలోనున్న ఫిల్టరును గల ఇంటేకును బిగింపవలెనా? మన నేలకు మొదటిదే తగినదని నా దృఢవిశ్వాసము.

పెట్రోలు తనంత తాను మండదు. ఒక కిలో పెట్రోలు సంపూర్ణముగా దహనమగుటకు దాదాపు 14.7 కిలోల గాలి కావలెను. లీటర్ల లెక్కన చెప్పినచో ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి. కరీంనగరమునుండి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదునకు సుమారు 160 కిలోమీటర్లు; లీటరుకు 16 కిలోమీటర్లు నడచు కారు ఆ యొక్క ప్రయాణమున 90,000 లీటర్ల గాలిని లోనికి గొనిపోవును. ఆ గాలితోపాటు వచ్చు ధూళిలో చెట్టు పుప్పొడి, పత్తి నూగు మొదలైనవి ఇంజనులో కాలి పోవచ్చును గాని, గ్రానైటు పొడియందలి స్ఫటికరేణువులు కాలవు, కరగవు. ఖనిజ శాస్త్రజ్ఞుల మోస్ కొలమానమున స్ఫటికము కాఠిన్యము 7. సిలిండరు గోడల పోత ఇనుము దానికంటె మెత్తనిది. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. అట్టి మైక్రానులు ఐదు మొదలు ఇరువది వరకు గల రేణువులు, కంటికి కానరానివే ఐనను, పిస్టను రింగులకును సిలిండరు గోడకును నడుమనుండు పలుచని నూనెపొరలో చిక్కి, ప్రతి గమనమునకు గోడను ఇంచుకించుక గీయుచు, కొన్నివేల కిలోమీటర్ల పిమ్మట నూనె త్రాగు ఇంజనును, నీలిపొగ వదలు సైలెన్సరును యజమానికి మిగుల్చును. డీజిలు బండ్ల టర్బోచక్రములు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగునవి గనుక, వాని రెక్కల కొనలను ఈ రజమే కొరికివేయును.

కావున ఫిల్టరు ప్రథమధర్మము ధూళిని ఆపుట. గాలిని ధారాళముగా విడుచుట తరువాతి మాట. ఇంటేకును అమ్మువారు ఈ క్రమమును తలక్రిందులు చేసి, గాలి ఎంత సులువుగా చొరబడునో దానినే ప్రధానగుణముగ చాటుదురు. రంధ్రములు పెద్దవైనచో గాలియు సులువుగా చొచ్చును, ధూళియు సులువుగా చొచ్చును. ఫిల్టర్లను పరీక్షించుటకు ఐ.ఎస్.ఓ. 5011 అను అంతర్జాతీయ ప్రమాణమొకటి కలదు. నిర్ణీత పరిమాణముగల ధూళిని ఫిల్టరుపైకి విడిచి, అందులో ఎంత నిలిచినది, ఎంత దాటిపోయినది తూచి చెప్పు పద్ధతి యది. ఇంటేకు కొనదలచినవాడు దుకాణదారుని అడుగవలసిన మొదటి ప్రశ్న ఆ పరీక్షాఫలితమెంత యనియే. గుర్రపుశక్తి ఎంత పెరుగును అనునది పిమ్మటి ప్రశ్న.

ఆ గుర్రపుశక్తి మాటనైనను కొంచెము నిదానించి చూతము. పెట్రోలు కారులో మనము యాక్సిలరేటరును సగము నొక్కినప్పుడు, గాలిమార్గమున నున్న థ్రాటిలు రేకు సగమే తెరచుకొనును. అనగా గాలికి అడ్డుపడుచున్నది ఫిల్టరు కాదు, నడుపువాని పాదమే. పెద్దపల్లి బజారులోను, మంచిర్యాల రైల్వే గేటువద్దను, నిర్మల్ ఘాటు మలుపులలోను మనము చేయు ప్రయాణమంతయు ఆ సగము తెరపులోనే గడచును. ఫిల్టరు నిరోధమును తగ్గించుటవలన లాభము కన్పట్టునది థ్రాటిలు పూర్తిగా తెరచి, ఇంజనును దాని గరిష్ఠవేగమున తిప్పినప్పుడు మాత్రమే. అట్టి అవకాశము పందెపు మైదానమున కలదు, మన రహదారులపై లేదు, ఉండరాదు కూడను.

ఇక చల్లగాలి. చల్లని గాలి సాంద్రమైనది గనుక ఎక్కువ ప్రాణవాయువును మోసికొని వచ్చుననుట సత్యమే. కాని రామగుండములోను, ఆదిలాబాదులోను మే మాసమున ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుచుండగా చల్లగాలిని ఏ గొట్టము ఎక్కడనుండి తెచ్చును? 15 డిగ్రీల గాలికంటె 45 డిగ్రీల గాలి దాదాపు తొమ్మిది శాతము పలుచన. బానెట్టు క్రింద ఇంజను ప్రక్కనే తెరచియుంచిన శంఖపు ఫిల్టరు పీల్చునది అంతకంటెను వేడియైన గాలి. కంపెనీ పెట్టెయో, సాధారణముగా ముందరి జాలి వెనుకనుండి బయటిగాలినే తెచ్చుకొనునట్లు నిర్మింపబడినది. అనగా చల్లగాలికై పెట్టెను తీసివేయువాడు చేతనున్న చల్లగాలినే కోల్పోవుచున్నాడు. కొండనాలుకకు మందువేయ ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇచట అక్షరాల చెల్లును.

ఆ పెట్టెకు మరియొక పని కలదు. గాలి పీల్చునప్పటి హోరును అది అణచును. పెట్టె పోగానే ఆ హోరు చెవిని పడి, బండికి బలము వచ్చినదన్న భ్రాంతిని కలిగించును. యౌవనమున ఆ ధ్వని ఇచ్చు ఉల్లాసమును నేను తక్కువ చేయను. దానికై వేలకు వేలు వెచ్చించునది శక్తికి కాదు, ధ్వనికేనని తెలిసి వెచ్చించినచో అది వారి యిష్టము.

కంపెనీ పెట్టెను కదల్పక అందులోనే అమర్చు నూనె పూసిన నూలు ఫిల్టర్లు వేరొక వర్గము. కాలిఫోర్నియాలో వెలసిన కె అండ్ ఎన్ సంస్థ వలన ఇవి లోకమున ప్రసిద్ధములైనవి. కడిగి మరల వాడుకొనవచ్చుననుట వీనియందలి మెచ్చదగిన గుణము. పారవేయు కాగితపు ఫిల్టర్ల చెత్తను తలచినప్పుడు ఆ గుణము నన్నును ఆకర్షించును. ఐనను కడిగిన పిమ్మట పూయు నూనె తక్కువైనచో ధూళి దాటును, ఎక్కువైనచో ఆ నూనె తుంపరలు గాలిని కొలుచు సెన్సారు సన్ననితీగపై పడి లెక్కను చెరచును. గంగాధర బాటపై నిత్యము తిరుగువాడు ఈ కడుగుటను, ఆరబెట్టుటను, తూచినట్లు నూనె పూయుటను తరచుగా చేయవలసివచ్చును. అంతటి ఓపిక గలవారు మిక్కిలి అరుదు.

కాగితపు ఫిల్టరును సమర్థించువారు చెప్పు అతిశయోక్తి నొకదానిని కూడ ఇచటనే ఖండింపవలసియున్నది. క్రొత్త ఫిల్టరు వేసినచో మైలేజీ పెరుగునని సర్వీసు కేంద్రములవారు తరచుగా అందురు. అమెరికాయందలి ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరిశోధనలో, ఇంధనమును కంప్యూటరు కొలిచి చిమ్ము నేటి పెట్రోలు కార్లలో ఫిల్టరు మూసికొనిపోయినను మైలేజీ చెప్పుకొనదగినంతగా తగ్గలేదనియు, వేగము పుంజుకొనుటలో మాత్రమే మందగతి కలిగినదనియు తేలినది. ఫిల్టరు మార్చుట ఇంజను ఆయువు కొరకు. ఆ నిజము చెప్పిన చాలును.

గాలినుండి ధూళిని వడకట్టు విద్య మనకు క్రొత్తది కాదు. పాత ట్రాక్టర్లకు నూనెతొట్టి ఫిల్టర్లుండెడివి. గాలి నూనెను తాకి మలుపు తిరుగునప్పుడు ధూళి ఆ నూనెలో చిక్కుకొనెడిది, రైతు ఆ నూనెను తానే మార్చుకొనెడివాడు. నేడు కాకతీయ కాలువ క్రింది మళ్లలో వరికోత యంత్రములను నడుపువారు తవుడువలె లేచు పొట్టుధూళిలో దినమంతయు నుండి, సాయంకాలము కాగానే మొదట ఫిల్టరును విప్పి దులుపుదురు. ఫిల్టరు విలువ వారికి తెలిసినంతగా కారు యజమానులకు తెలియదు. ఐతే కారు ఫిల్టరును కంప్రెసరు గాలితో మాటిమాటికి కొట్టించు అలవాటు మాత్రము మానదగినది. గట్టిగాలికి కాగితపు మడతలు చిరిగి, కంటికి తెలియని దారులు ఏర్పడును. అదిగాక, కాగితముపై పేరుకొను పలుచని ధూళిపొర తానును కొంత ధూళిని ఆపుచుండును గనుక, ఫిల్టరు కొంచెము మాసినంతనే బెంగపడ నక్కరలేదు.

వానకాలపు ముప్పు వేరు. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల కాలనీలలోనికి నీరు చొచ్చిన దినములు మనకింకను జ్ఞప్తిలోనున్నవి. నీరు గాలివలె నొక్కుటకు లొంగదు. సిలిండరులోనికి చేరినచో పిస్టను పైకి లేవలేక కనెక్టింగు రాడ్డు వంగును, ఇంజను అంతటితో సరి. బంపరు వెనుక క్రిందుగా ముఖముంచి గాలి పీల్చు ఇంటేకు ఈ ముప్పును ఇనుమడింపజేయును. ఈ నష్టమును సాధారణ బీమా భరింపదు. ఇంజను రక్షణకై అదనపు ప్రీమియము చెల్లించినవారికే ఊరట. కంపెనీ గ్యారంటీ కాలము తీరకమున్ను పెట్టెను మార్చినవాడు ఆ గ్యారంటీకై పోరాడవలసివచ్చును. మోటారు వాహనముల చట్టమున 2019 సవరణచే మార్చిన 182-ఎ సెక్షను, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానాయో, ఆరు మాసముల వరకు కారావాసమో, రెండునో విధించుచున్నది. బండిని మార్పించువాడు ముందుగా రవాణాశాఖ కార్యాలయమున విచారించుట మేలు.

కంపెనీలు బండితో ఇచ్చు పుస్తకమున ధూళిమార్గములలో తిరుగువారికి ప్రత్యేకముగా తక్కువ గడువులు సూచింపబడియుండును. కరీంనగరము, మంచిర్యాల, ఆసిఫాబాదు, ఆదిలాబాదు సర్వీసు కేంద్రములవారు ఆ గడువులనే మన జిల్లాలకు నియమముగ పాటింపవలెను. పాత ఫిల్టరును యజమాని కంటికి చూపి, క్రొత్తదాని అంచు రబ్బరు పెట్టెలో సరిగా కూర్చున్నదని, క్లిప్పులన్నియు పడినవని చేయి పెట్టి చూపించి, ఆ పిమ్మటనే బిల్లు వ్రాయవలెను. రబ్బరంచు ఒక్కచోట లేచియున్నను, ఎంతటి మేలైన కాగితమైనను ఆ సందున దూరు గ్రానైటు పొడిని ఆపజాలదు.