జాతిని బట్టి రక్తపరీక్ష ప్రమాణం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సేద్యపు ఎద్దుల రక్తనివేదికలను సంకరజాతి పాడి ఆవుల కొలమానంతో చదవడం సమంజసం కాదు. ఆరోగ్యవంతమైన పశువు రక్తంలో సాధారణంగా న్యూట్రోఫిల్స్ కంటే లింఫోసైట్లు అధికం. సంతకు దూరప్రయాణం చేసిన ఎద్దులో ఒత్తిడి వలన కార్టిసాల్ పెరిగి ఈ నిష్పత్తి తారుమారు కావచ్చు. జాతిభేదమూ ముఖ్యమే. పిడుదుల ద్వారా సోకే థైలీరియా వ్యాధిని హోల్‌స్టీన్ దూడల కంటే సాహివాల్ దూడలు మెరుగ్గా తట్టుకున్నాయని 2005లో వెలువడిన ప్రయోగ ఫలితాలు తెలిపాయి. అయితే ఆ ఫలితాన్ని ఒంగోలు, హళ్లికార్ జాతులకు యథాతథంగా అన్వయించలేము. కనుక ప్రతి రక్తనమూనాతో జాతి, వయస్సు, ప్రయాణ వివరాలను నమోదు చేయాలి. ఆరోగ్యవంతమైన స్థానిక పశువుల నుండి జాతివారీ ప్రమాణాలను రూపొందించాలి. లేనిపక్షంలో అలసిన ఎద్దుకు అనవసరంగా యాంటీబయాటిక్ అందుతుంది. జబ్బుపడిన ఆవుకు చికిత్స ఆలస్యమవుతుంది. ఆ నష్టం రైతుదే.