రైతుబిడ్డ - టెలివిజను

1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'రైతుబిడ్డ' చిత్రము జమీందారుల యాగ్రహమునకు గుఱియయ్యెను. రైతు కష్టమునకు కారకులెవ్వరో చూపుటయే దాని యపరాధము. నేడు తెర ఇంటింటికి వచ్చినది. ఆ ధైర్యము మాత్రము రాలేదు.

టెలివిజనులో ప్రజలు చూచుచున్న 'మహర్షి' (2019), 'శ్రీకారం' (2021) చిత్రముల నాయకులు పెద్దకొలువు విడిచి పొలమునకు వచ్చినవారు. ఆశయము మెచ్చదగినదే. కాని పొలమును విడువనే విడువని యువకునకు నాయకత్వమేల లేదు? వార్తలలో వాడు పంట మునిగిననాడో, ప్రాణము తీసికొన్ననాడో తప్ప కానరాడు. ఈటీవీ 'అన్నదాత' వంటివి సేద్యపు మెలకువలు నేర్పినవి, సంతోషము. తండ్రి సేద్యము బిడ్డ చేతికి ఎట్లు వచ్చునో చెప్పువారు మాత్రము అరుదు.

జనగామ మెట్టలలో, మహబూబాబాదు మిరపతోటలలో, భూపాలపల్లి పత్తిచేలలో యువకునకు పొలముతోపాటు అప్పును సంక్రమించుచున్నది. పట్టా మాత్రము తండ్రి పేరనో తాత పేరనో నిలిచియుండుట కలదు. 2018లో మొదలైన రైతుబంధు ధనము పాసుపుస్తకము గలవారికే చేరెను. దున్నిన కౌలుదారునకు చేరలేదు. 2005 నాటి చట్టసవరణ హిందూ కుటుంబములలో కుమార్తెకు సమానభాగ మిచ్చినది. తెరపై ఆమె యింకను పెండ్లికూతురే గాని వారసురాలు గాదు.

పాలకుర్తి ఐలమ్మ తన పంటకై నిలిచినదియు, 1946లో కడవెండియందు దొడ్డి కొమరయ్య నేలకొరిగినదియు ఈ జనగామ సీమలోనే. అట్టి నేలకు వారసులగువారి కథ తెరకెక్కవలయును. అంతకుముందు భూవసతి గల మా పాఠకులకు మనవి: జీవించియుండగానే కొడుకునకు, కూతునకు భాగములు వ్రాయుడు, కౌలుదారునకు కాగితమిండు. తెరపై నాయకుని కొఱకు ఎదురుచూడ పనిలేదు. మన పొలమున నున్నవానిని గుర్తించిన చాలును.