పాత ఫ్లాటు... ఎంత నేల?

భీమవరం 2022లో జిల్లా కేంద్రమైంది. ఆఫీసూ బజారూ దగ్గరని ఊరి నడిబొడ్డున పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటు చూస్తున్నారా? కొత్త రంగులు చూసి మురిసిపోకండి. ఏళ్లు గడిచేకొద్దీ కట్టడం విలువ తరుగుతుంది, నిలిచేది నేల విలువే. దస్తావేజులో మీ వాటాకు ఎన్ని గజాల స్థలం రాశారో ముందు చూడండి. రేపు భవనం పడగొట్టాల్సి వస్తే మీకు మిగిలేది అదే!

ఇక్కడ చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే. ఉప్పు తగిలితే కాంక్రీటులోని ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులూడతాయి. సెల్లారు స్తంభాలు, ట్యాంకు కింది శ్లాబు ఇంజినీరుకు చూపించండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించండి. అమ్మేవారు సంఘానికి బకాయి లేరని కాగితం అడగండి. 2016 నాటి రెరా చట్టం అంతకుముందే పూర్తయిన భవనాలకు వర్తించదు. కాబట్టి మీ జాగ్రత్తే మీకు రక్ష. బేరం ఆ తర్వాతే!